కారు బ్రేకు ప్యాడ్లు మార్చడం: పాత ప్యాడ్ ఏం చెబుతోందో చూసి మరీ

బ్రేకు ప్యాడ్లు మార్చడం పెద్ద విద్యేం కాదు. రెండు బోల్టులు విప్పి, పాతవి లాగేసి, కొత్తవి కూర్చోబెట్టి, మళ్లీ బిగించడమే. అయినా మార్చిన కొన్నాళ్లకే మళ్లీ కీచుమంటూనో, ఒకవైపుకు లాగుతూనో వచ్చే కార్లు బోలెడు. ఎందుకంటే ప్యాడ్ మార్చారు గానీ అది ఎందుకలా అరిగిందో ఎవరూ చూడలేదు. నేను మొదటిసారి సొంతంగా చేసినప్పుడు సరిగ్గా ఇదే చేశాను. ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ ఇనుము తేలేదాకా అరిగిపోయింది, బయటి ప్యాడ్ ఇంకా సగానికి సగం ఉంది. అరిగింది కాబట్టి మార్చాలి, అంతేగా అనుకొని నాలుగూ కొత్తవి వేసి చేతులు దులుపుకున్నాను. కొన్ని నెలలకి అదే చక్రం, అదే లోపలి ప్యాడ్, అదే గరగర. తప్పంతా వేలెడంత పొడవున్న ఒక పిన్నుది, తుప్పు పట్టి కదలకుండా బిగుసుకుపోయింది.

కాబట్టి ఇక్కడ విప్పడం, బిగించడం కంటే మధ్యలో చూడాల్సిన వాటి గురించే ఎక్కువ చెబుతాను. ప్రధానంగా ముందు చక్రాల డిస్క్ బ్రేకుల (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లాన్ని ప్యాడ్లు రెండు వైపులా నొక్కి ఆపే రకం) సంగతి, ఎందుకంటే బ్రేకు వేయగానే బండి బరువంతా ముందుకు ఒరుగుతుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం వాటిదే, అరిగేవీ అవే. వెనక బ్రేకుల గురించి చివర్లో.

అరిగాయని ఎలా తెలుస్తుంది

చాలా ప్యాడ్లకు ఒక చిన్న స్ప్రింగు రేకు ఉంటుంది. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ రేకు డిస్కుకు తగిలి సన్నగా కీచుమంటుంది, ఒక్కోసారి బ్రేకు నొక్కితే ఆ శబ్దం ఆగిపోతుంది కూడా. ఆ కీచు వచ్చినప్పుడు మీకింకా కాస్త టైముంది. అదే గరగరమని ఇనుమును ఇనుము రాపాడిన శబ్దం వస్తే మాత్రం ప్యాడ్ అయిపోయింది, ఇప్పుడు డిస్కును తినేస్తోంది, బండి పక్కన పెట్టేయండి.

శబ్దం కోసం ఆగక్కర్లేదు. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టార్చి వేసి చక్రం సందుల్లోంచి చూస్తే ప్యాడ్ మందం కనిపిస్తుంది. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది, 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చే వేళయినట్టే. వెనక ఉన్న ఇనుప పలకను కలిపి కొలవకండి, చాలామంది అక్కడే మోసపోతారు. ఇంకో సంగతి, బయటి నుంచి కనిపించేది బయటి ప్యాడే, లోపలిది దానికంటే ఎక్కువ అరిగి ఉండొచ్చు. నా కారు సంగతి చెప్పాను కదా.

ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని ఆయిల్ ఒత్తిడితో నొక్కే పిస్టన్ బయటికి వస్తూ ఉంటుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది, అందుకే పైన బానెట్ కింద ఉన్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ మెల్లగా తగ్గుతుంది. మట్టం తగ్గింది కదా అని నింపేయకండి. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్ వెనక్కి వెళ్తే ఆ ఆయిలంతా తిరిగి పైకొస్తుంది, నిండా ఉంటే పొంగి పెయింటు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును లేపేస్తుంది, పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

పెడల్ స్పాంజిలా మెత్తగా దిగిపోతున్నా, చక్రం లోపల ఆయిల్ తడి కనిపించినా, రబ్బరు గొట్టం పగిలినట్టున్నా అది ప్యాడ్ల జబ్బు కాదు. అలాంటి బండిని నడపకుండా తెలిసినవాళ్లను పిలిపించండి.

దగ్గర ఉండాల్సినవి

జాకీ, దానితోపాటు జాక్ స్టాండ్లు రెండు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మలు, వీల్ పానా, సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), పిస్టన్ నొక్కడానికి పెద్ద సీ-క్లాంప్, ఇనుప బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, సిలికాన్ గ్రీజు, వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు, మందం కొలిచే వెర్నియర్, కాలిపర్ (డిస్కు మీద కూర్చుని, పిస్టన్‌తో ప్యాడ్లను నొక్కే ఇనుప భాగం) వేలాడదీయడానికి గట్టి తీగ ముక్క, గ్లవ్స్, మాస్కు. మాస్కు అనవసరం అనుకోకండి, బ్రేకు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పాతకాలపు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ కూడా ఉండేది. ఆ పొడిని నోటితో గానీ గాలి మిషన్‌తో గానీ ఊదొద్దు, క్లీనర్‌తో తడిపి తుడవండి.

ప్యాడ్లు ఎప్పుడూ కుడి ఎడమ రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి అయితే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. డిస్కులకూ ఇదే రూలు.

బండి లేపడం

చదునైన గట్టి నేల. ముందు చక్రాల పని కాబట్టి హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు అరచుట్టు వదులు చేయాలి, లేపాక విప్పబోతే చక్రమే తిరుగుతుంది. తర్వాత కారు పుస్తకంలో చూపిన చోటే జాకీ వేసి లేపి, స్టాండ్ పెట్టి, బరువు స్టాండ్ మీదకు దించండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి దగ్గర బ్రేకు పని చేయొద్దు. బోల్టు గట్టిగా ఉండి మీరు ఊపి లాగినప్పుడే జాకీ జారుతుంది. తీసిన చక్రాన్ని బండి అంచు కిందకి దొర్లించి పెట్టండి, ఏదైనా జరిగితే కనీసం అది ఆపుతుంది.

కాలిపర్ విప్పడం

స్టీరింగును కాలిపర్ బయటికి వచ్చే దిక్కుకు కాస్త తిప్పితే దాని వెనక భాగం కనిపిస్తుంది. విప్పేముందు ఫోనుతో రెండు మూడు ఫొటోలు తీసుకోండి, మళ్లీ బిగించేటప్పుడు ఏ క్లిప్పు ఎటు ఉందో ఎవరికీ గుర్తుండదు. చాలా కార్లలో కాలిపర్ వెనక పైనొకటి కిందొకటి బోల్టులు ఉంటాయి. ఆ బోల్టు బిగిసేది పిన్నుకే, కాలిపర్ అటూ ఇటూ జరిగేది ఈ పిన్నుల మీదే. బోల్టు తిప్పుతుంటే పిన్ను కూడా తిరిగితే, పిన్ను చదునుగా ఉన్నచోట సన్నటి పానాతో పట్టుకొని విప్పాలి. కొన్నింటిలో కింది బోల్టు ఒక్కటి తీస్తే కాలిపర్ తలుపులా పైకి తెరుచుకుంటుంది.

రాకపోతే రెండు ప్యాడ్ల మధ్యా స్క్రూ డ్రైవర్ దూర్చి పెకలించడం కంటే, కాలిపర్‌ను చేత్తో బయటికి లాగి పట్టుకొని మెల్లగా ఊపండి, పిస్టన్ కాస్త వెనక్కి వెళ్లి వదులవుతుంది. ఊడొచ్చిన కాలిపర్‌ను బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వొద్దు, గొట్టం లోపల చీరుకుపోతే బయటికి కనిపించదు. తీగతో పైనున్న సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టేయండి. కాలిపర్ బయట ఉన్నంతసేపూ ఎవరూ బ్రేకు పెడల్ మీద కాలు పెట్టకూడదు, పిస్టన్ ఊడి బయటికి వచ్చేస్తుంది. పిల్లలుంటే కారు తాళం జేబులో పెట్టుకోండి. రెండు చక్రాలూ ఒకేసారి విప్పకండి, ఒకటి పూర్తయ్యాకే రెండోది. ఒక పక్క పిస్టన్ నొక్కుతుంటే ఆ ఒత్తిడికి రెండో పక్క పిస్టన్ బయటికి రావొచ్చు. పైగా సందేహమొస్తే చూసుకోడానికి రెండో పక్క అలాగే ఉంటుంది.

పాత ప్యాడ్లను పారేయకముందు

ఒక్కో చక్రం నుంచి తీసిన ప్యాడ్లను అప్పుడే చూసి, కింద ఒక అట్ట మీద, ఏది ఎక్కడిదో రాసి, వరసగా పెట్టండి, రెండో చక్రమూ విప్పాక నాలుగూ పక్కపక్కన ఉంటాయి. ఇక్కడ ఐదు నిమిషాలు పెడితే కొన్ని నెలల చిరాకు తప్పుతుంది.

నాలుగూ దాదాపు సమానంగా అరిగితే మీ బ్రేకులు ఆరోగ్యంగా ఉన్నాయి, మామూలు అరుగుదల. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మిగిలితే కాలిపర్ జరగడం లేదు, అంటే పిన్నులు బిగుసుకున్నాయి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. దీని లెక్క ఏమిటంటే, చాలా కార్లలో పిస్టన్ ఒక వైపే ఉంటుంది, అది లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది, ఆ ప్రతిబలానికి కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్నులు కదలకపోతే బయటి ప్యాడ్ పేరుకే ఉంటుంది. బయటి ప్యాడే ఎక్కువ అరిగితే కాలిపర్ ముందుకు జరిగింది గానీ తిరిగి వదల్లేదు, ఇదీ పిన్నుల పనే. ఒకే ప్యాడ్ ఒక కొస మందంగా, మరో కొస పల్చగా చీలలా అరిగిందంటే రెండు పిన్నుల్లో ఒకటి ఆడటం లేదు, లేదా ప్యాడ్ చెవి (పక్కకు పొడుచుకొచ్చిన కొస) అది కూర్చునే బ్రాకెట్ గాడిలో ఇరుక్కుంది. ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తుంటే బాగా వేడెక్కింది. ఒక చక్రం ప్యాడ్లు మాత్రమే అలా ఉంటే ఆ చక్రం బ్రేకు వదలకుండా పట్టేస్తూ ఉండాలి.

డిస్కు ఉంచాలా, మార్చాలా

డిస్కు అంచు మీద లేదా మధ్య టోపీ భాగం మీద కనీస మందం ముద్రించి ఉంటుంది, మిల్లీమీటర్లలో. అంతకు దిగితే, లేదా ఇప్పుడే దాని దరిదాపుల్లో ఉంటే మార్చేయండి, కొత్త ప్యాడ్లు అరిగేలోపు అది కచ్చితంగా దాటిపోతుంది. కొలిచేటప్పుడు ఒక తిరకాసు ఉంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగదు, అక్కడ గట్టులా లేచి ఉంటుంది, వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆగి అసలు కంటే ఎక్కువ చూపిస్తాయి. అందుకే రెండు ఒకేలాంటి నాణేలు తీసుకొని, డిస్కుకు రెండు వైపులా అరిగిన చోట ఆనించి, నాణేలతో సహా కొలిచి, తర్వాత వాటి మందం తీసేయండి. మూడు నాలుగు చోట్ల ఇలా చూడండి.

పగుళ్లు అంచు దాకా వచ్చినా, గోరు ఇరుక్కునేంత లోతు గాడులున్నా మార్చాల్సిందే. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికితే అందరూ డిస్కు వంకరపోయింది అంటారు. నిజానికి చాలాసార్లు డిస్కు వంగదు, ప్యాడ్ పదార్థం దాని మీద మచ్చలుగా అంటుకోవడమో, మందం చోటుచోటుకీ తేడా రావడమో జరుగుతుంది. డిస్కు వెనక అది ఆనుకునే హబ్ మీద తుప్పు రేణువు ఒకటి ఉండిపోయినా చాలు, డిస్కు ఏటవాలుగా కూర్చుని కొన్నాళ్లకు అదే వణుకు తెప్పిస్తుంది.

డిస్కు తీయాలంటే ముందు ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్ విప్పాలి. దాని బోల్టులు మొండిగా ఉంటాయి, పొడవైన పిడి కావాలి. డిస్కును పట్టే చిన్న స్క్రూ ఉంటే దాని తల చెడగొట్టుకోకండి, సరైన సైజు బిట్ పెట్టి రెండు దెబ్బలు కొట్టి అప్పుడు తిప్పండి. డిస్కు హబ్‌కు అతుక్కుపోతే, కొన్నింటికి మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి, వాటిలో సరిపోయే బోల్టులు ఎక్కించి మార్చి మార్చి బిగిస్తే అదే తోసుకొని వస్తుంది. హబ్ ముఖాన్ని ఇనుప బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దండి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా కడగకుండా పెడితే ఆ నూనె కొత్త ప్యాడ్లలోకి ఇంకిపోతుంది.

అసలు పని: పిన్నులు, గాడులు

ప్యాడ్ మార్చడం పావుగంట, ఇది ముప్పావుగంట. నిజంగా బ్రేకును బాగుచేసేది మాత్రం ఇదే.

పిన్నుల్ని ఒక్కొక్కటే బయటికి లాగండి. రెండూ ఒకేలా ఉండకపోవచ్చు, ఒకదానికి కొసన రబ్బరు తొడుగు ఉంటుంది, ఏది పైదో ఏది కిందిదో గుర్తు పెట్టుకోండి. బాగున్న పిన్ను వేలితో లాగితే వచ్చేస్తుంది, వదిలితే జారుతుంది. నా కారులో ఆ రోజు పిన్ను పైకి చూస్తే మామూలుగానే ఉంది. పానాతో అటూ ఇటూ తిప్పుతూ, తిట్టుకుంటూ బయటికి లాగితే సగం దాకా కాఫీ పొడి పూసినట్టు తుప్పు, పాత గ్రీజు ఎండి జిగురై పెచ్చులు కట్టింది. పిన్నును కప్పే రబ్బరు బూటుకు వెనక పక్క చిన్న చిరుగుంది, నీళ్లు అందులోంచే దిగాయి. పిన్ను గరుకుదేలితే, గుంటలు పడితే రుద్ది సరిపెట్టకుండా కొత్తది వేయండి, బూట్లతో కలిపి కిట్టుగా దొరుకుతుంది. పిన్ను దూరే రంధ్రాన్ని కూడా సన్నటి బ్రష్‌తో, క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి.

రాసేది సిలికాన్ గ్రీజు లేదా బ్రేకు రబ్బరుకు పనికొస్తుందని రాసి ఉన్న గ్రీజు మాత్రమే. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పల్చటి పొర చాలు. ఎక్కువ నింపితే లోపల గాలి చిక్కుకొని పిన్నును బయటికి తోస్తుంది.

తర్వాత బ్రాకెట్ గాడులు. ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులు ఉంటాయి, వాటిని పీకి చూస్తే కింద తుప్పు ఉబ్బి ఉంటుంది. అదే ప్యాడ్‌ను బిగబట్టేది. ఇనుప బ్రష్‌తో, గట్టిగా ఉంటే ఆకురాయితో ఆ తుప్పు మాత్రం తీసేయండి, లోపలి ఇనుమును అరగదీయకండి. ప్యాడ్లతో కొత్త క్లిప్పులు వచ్చి ఉంటే అవే వేయండి. కొత్త ప్యాడ్ గాడిలో వేలితో తోస్తే జరగాలి. సుత్తితో కొట్టి ఎక్కించాల్సి వస్తే ఇంకా తుప్పు మిగిలిందని అర్థం.

పిస్టన్ వెనక్కి

ముందు పైన ఆయిల్ డబ్బా మూత వదులు చేసి చుట్టూ గుడ్డ కప్పండి, నిండుగా ఉంటే శుభ్రమైన సిరంజితో కొంచెం తీసేయండి. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు ముడత ఎత్తి చూడండి, చిరిగినా, లోపల తడిగా ఉన్నా ఆ కాలిపర్‌కు సీళ్లు గానీ కాలిపరే గానీ మార్చాలి. కాలిపరే మారిస్తే గాలి తీసే నిప్పుల్ (ఆయిల్‌లో చిక్కిన గాలిని బయటికి వదిలే చిన్న మర) పైకి ఉండేలా చూసుకోండి, కుడిది ఎడమకు వేస్తే అది కిందికి వచ్చి గాలి ఎప్పటికీ పోదు.

అంతా బాగుంటే పిస్టన్ మీద పాత ప్యాడ్ ఒకటి అడ్డం పెట్టి, సీ-క్లాంప్‌తో మెల్లగా, నిటారుగా బిగిస్తూ పోండి. క్లాంప్ పిడిని చేత్తో తిప్పితే చాలు, పిస్టన్ లోపలికి వెళ్లాలి. మధ్యలో ఆగిపోతే మొండిగా బిగించొద్దు, పిస్టన్‌కు తుప్పు పట్టి ఉంటుంది.

కూర్చోబెట్టడం

ప్యాడ్ చెవుల మీద, వెనక పలకకు పిస్టన్, కాలిపర్ వేళ్లు తగిలేచోట్ల వేడికి తట్టుకునే గ్రీజు సన్నగా రాయండి. రాపిడి ముఖానికి గానీ డిస్కుకు గానీ అంటకూడదు, పొరపాటున అంటితే వెంటనే క్లీనర్‌తో తుడవండి. కీచు రేకు ఉన్న ప్యాడ్ సాధారణంగా లోపలి వైపు వస్తుంది, బాణం గుర్తుంటే చక్రం ముందుకు తిరిగే దిక్కుకు ఉండాలి. అనుమానముంటే ఫొటో చూడండి.

బోల్టులన్నీ ముందు చేత్తో మర ఎక్కించి, తర్వాత టార్క్ రెంచ్‌తో. చిన్న కార్లలో కాలిపర్ పిన్ను బోల్టులు 25–35 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటాయి, బ్రాకెట్ బోల్టులకు అంతకు మూడింతలు కూడా ఉండొచ్చు, మీ కారుకు ఎంతో సర్వీసు పుస్తకం చూసే బిగించండి. పిన్ను బోల్టును బలం కొద్దీ బిగిస్తే తెగుతుంది. చక్రం ఎక్కించి నట్లు ఎదురెదురుగా బిగిస్తూ, బండి నేలకు దించాక ఆఖరి బిగింపు ఇవ్వండి.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్ నొక్కండి. మొదటి నొక్కుకు కాలు నేల దాకా పోతుంది, టెన్షన్ పడకండి. పిస్టన్‌ను మీరే వెనక్కి తోశారు కదా, అది మళ్లీ ప్యాడ్ దాకా రావాలి. మెల్లగా, సగం సగం నొక్కుతూ పెడల్ గట్టిపడేదాకా కొడుతూ ఉండండి. ఇది మర్చిపోయి బండి వెనక్కి తీసినవాళ్లలో నేనూ ఒకణ్ని. గోడ దగ్గరగా ఉండి బంపర్ మీద గీతతో పోయింది గానీ, అక్కడ మనిషి ఉండుంటే? అప్పటినుంచి పని మొదలుపెట్టేటప్పుడే స్టీరింగుకు ఒక కాగితం కడతాను, 'పెడల్ కొట్టు' అని.

తర్వాత ఆయిల్ మట్టం చూసి, రెండు గీతల మధ్యకు తేండి.

కొత్త ప్యాడ్లను అదునుకు తేవడం

ప్యాడ్ పదార్థం డిస్కు మీద సన్నటి సమానమైన పొరగా పరుచుకుంటేనే పట్టు వస్తుంది. ప్యాడ్ డబ్బా మీద పద్ధతి రాసి ఉంటే అది పాటించండి. లేకపోతే ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కి.మీ. నుంచి 10 కి.మీ. దాకా, గట్టిగా కాదు గానీ కచ్చితంగా అనిపించేలా తగ్గించండి, అర నిమిషం మామూలుగా నడపండి, మళ్లీ తగ్గించండి. ఇలా ఎనిమిది పదిసార్లు. మధ్యలో బండి పూర్తిగా ఆపి పెడల్ తొక్కి ఉంచొద్దు, వేడి ప్యాడ్ డిస్కు మీద ఒక్కచోట అచ్చు వేస్తుంది, ఇందాక చెప్పిన వణుకు అలాగే మొదలవుతుంది. చివర్లో బ్రేకు పెద్దగా వాడకుండా పది నిమిషాలు నడిపి చల్లారనివ్వండి. కొంచెం వాసన వస్తే కంగారక్కర్లేదు, పొగ వస్తే ఆగి చూడండి.

వెనక బ్రేకులు, బ్రేక్ ఆయిల్

వెనక డిస్కులుండి హ్యాండ్ బ్రేక్ కాలిపర్‌లోనే కలిసి ఉంటే ఆ పిస్టన్‌ను చాలా కార్లలో నొక్కకూడదు, దానికున్న గాట్లలో టూల్ పెట్టి తిప్పుతూ లోపలికి పంపాలి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ అయితే ముందు సర్వీసు మోడ్‌లోకి పంపాలి, బలవంతంగా తోస్తే లోపలి మోటారు, పళ్లు విరుగుతాయి. ఇది స్కానర్ ఉన్నవాళ్లకు వదిలేయడమే మేలు.

వెనక డ్రమ్ము బ్రేకులైతే ప్యాడ్ల బదులు, డ్రమ్మును లోపలి నుంచి రాపాడే షూలుంటాయి. వీటికి ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి మొదలుపెట్టాలి, లేకపోతే డ్రమ్ము రాదు. స్ప్రింగులు ఎక్కువ, కళ్లజోడు తప్పనిసరి. చక్రం లోపలి చిన్న సిలిండర్ రబ్బరు ఎత్తి చూస్తే తడి కనిపిస్తే అది కారుతోంది, షూలకు ముందు దాని పని చూడాలి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం రాసి ఉంటుంది, అది దాటితే డ్రమ్మూ మార్చాలి.

ఇక ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 4కు కనీస ప్రమాణం కొత్తదైతే 230 డిగ్రీలు, తేమ చేరాక 155 డిగ్రీలు, డాట్ 3కు 205, 140. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే ఆ ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది. అందుకే చాలా కంపెనీలు సుమారు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మూత తీసి నెలల తరబడి పెట్టిన సీసా వాడొద్దు. డాట్ 5 సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉంది కదా అని వేరేవాటిలో కలపొద్దు.

ఆయిల్ గొట్టాల్లో చిక్కిన గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ నొక్కి 'పట్టా' అంటే, రెండోవాళ్లు గొట్టం తగిలించిన నిప్పుల్ పావుచుట్టు తెరిచి, బుడగలు వచ్చాక మూసి 'వదులు' అనాలి. మూయకముందే పెడల్ వదిలితే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. పైన డబ్బా ఖాళీ కానివ్వొద్దు. ఏ చక్రం ముందన్నది కారును బట్టి మారుతుంది, మామూలుగా డబ్బాకు దూరంగా ఉన్నదాంతో మొదలుపెడతారు.

మొదటి ప్రయాణం అయ్యాక నాలుగు చక్రాల దగ్గరా చేయి దగ్గరగా పెట్టి చూడండి, తాకకుండానే వేడి తెలుస్తుంది. కుడి ఎడమల్లో ఒకటి బాగా ఎక్కువ వేడిగా ఉంటే ఆ పక్క ఏదో పట్టేస్తోంది, పిన్నుల దగ్గర్నుంచే మళ్లీ వెతకడం మొదలుపెట్టండి. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి.